మాగ్మా బ్యాండ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాగ్మా పాట ఒకటి పంపించిన ప్రతిసారీ స్నేహితుల దగ్గర్నుంచి ఇంచుమించు ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక అన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను సంగీత విద్వాంసుణ్ణి కాదు. చాలా ఏళ్లుగా వింటున్నవాణ్ణి, అంతే.

అసలు మాగ్మా అంటే ఎవరు?

1969లో ప్యారిస్‌లో పుట్టిన రాక్ బ్యాండ్. పెట్టినవాడు, నడిపేవాడు, ఎక్కువ భాగం రాసేవాడు క్రిస్టియాన్ వాండేర్ అనే డ్రమ్మర్. ఫ్రెంచ్ వాళ్లే అయినా పాటలు ఫ్రెంచ్‌లో ఉండవు, ఇంగ్లిష్‌లోనూ ఉండవు. వాండేర్ తానే కట్టుకున్న కోబాయన్ అనే భాషలో ఉంటాయి. ఒక్కో కూర్పు పావుగంట, అరగంట, ఒక్కోసారి మొత్తం రికార్డు రెండు వైపులా సాగుతుంది. మొదటి పేరు ఇంకా పెద్దది, ‘యూనివేరియా జెక్ట్’ అంటూ మొదలై చాంతాడంత ఉండేది. దాన్ని కత్తిరించి మాగ్మా అన్నారు, మంచిపని చేశారు.

ఒక డ్రమ్మర్‌కి ఇంత పెద్ద ఊహ ఎలా వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మాగ్మా సగం అర్థమైనట్టే.

వాండేర్ 1948 ఫిబ్రవరిలో పుట్టాడు. పెంపుడు తండ్రి మోరిస్ వాండేర్ ఫ్రాన్స్‌లో పేరున్న జాజ్ పియానిస్ట్. ఇంట్లో జాజ్ మోగుతూనే ఉండేది, జాజ్ వాళ్ల రాకపోకలూ ఉండేవి. తన మొదటి డ్రమ్ సెట్టు అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ ఇచ్చిందని వాండేర్ చెప్పుకుంటాడు. అయితే కుర్రాడి మనసంతా ఇంకొకరి మీద ఉండేది: జాన్ కోల్ట్రేన్. ఆయన శాక్సఫోన్, ఆయన వెనక ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. ఈ ఇద్దరినీ వింటూ పెరిగాడు, ఎల్విన్ జోన్స్‌ను చూసి వాయించడం నేర్చుకున్నాడు.

1967 జూలై 17న కోల్ట్రేన్ చనిపోయాడు. నలభై ఏళ్లకే. అప్పటికి వాండేర్‌కు పంతొమ్మిది. ఆ వార్త విన్నాక మనిషి కుదేలైపోయాడు. ఫ్రాన్స్ వదిలి ఇటలీ వెళ్లి, అక్కడ రెండేళ్ల పాటు క్లబ్బుల్లో వాయిస్తూ తన్ను తాను పాడుచేసుకుంటూ బతికాడు. 1969లో ఉన్నట్టుండి తిరిగొచ్చి, లోరాన్ తిబో అనే బేస్ వాద్యకారుడు, మరికొందరితో కలిసి మాగ్మా మొదలుపెట్టాడు.

అంటే బయటికి సైన్స్ ఫిక్షన్‌లా కనిపించే ఈ వ్యవహారం అడుగున ఉన్నది గురువు పోయిన దుఃఖం. కోల్ట్రేన్‌ను అనుకరించి మరో జాజ్ బృందం పెట్టడం వాండేర్‌కు సులువే. ఆ పని చెయ్యలేదు. కోల్ట్రేన్ సంగీతంలో తనకు కనిపించిన పూనకాన్నీ ప్రార్థననూ తీసుకుని, వేరే రూపంలో పోశాడు. నా మటుకు నాకు ఈ బ్యాండ్ యాభై ఏళ్ల చరిత్రంతా ఆ ఒక్క జూలై రోజుకు జవాబులాగే వినిపిస్తుంది.

కోబాయన్ నిజంగా భాషేనా? ఏదో నోటికొచ్చిన కూతలా?

రెండింటికీ మధ్యలో ఉంటుంది. పాట కడుతున్నప్పుడు స్వరంతో పాటే నోటికి వచ్చిన శబ్దాలతో మొదలైంది. ఫ్రెంచ్ తన సంగీతానికి సరిపడేంత గట్టిగా లేదని వాండేర్ అభిప్రాయం. ఫ్రెంచ్ పాటలు విన్నవాళ్లకు ఆ మాట ఎందుకన్నాడో తెలుస్తుంది, ఆ భాష జారిపోతూ ఉంటుంది, దెబ్బకు ఆగదు. కోబాయన్‌లో జర్మన్, స్లావిక్ భాషల మోత ఉంటుంది. ‘క’, ‘ట’, ‘డ’లు గట్టిగా పడతాయి. డ్రమ్ దెబ్బకు సరిగ్గా అతుక్కుంటాయి.

రానురాను కొన్ని మాటలకు అర్థాలు స్థిరపడ్డాయి. ‘ఇటా’ అంటే భూమి. ‘వుర్దా ఇటా’ అంటే చచ్చిన భూమి. ‘థోయ్స్ హమ్‌టాక్’ అంటే ద్వేష కాలం. అభిమానులు కూర్చుని నిఘంటువులు కూడా తయారుచేశారు. కానీ దాన్లో ఉత్తరం రాసుకునేంత వ్యాకరణం ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అర్థం తెలియని పాట ఎందుకు వినాలి?

తిల్లానా వింటూ ‘ధీం తనన’కు అర్థమేమిటని ఎవరూ అడగరు కదా. ఆలాపనకైనా అంతే. పదం బరువు తీసేస్తే గొంతు కూడా ఒక వాయిద్యమైపోతుంది. మాగ్మాలో ఆడ, మగ గొంతుల బృందం ఒకే పదాన్ని ముప్ఫైసార్లు అంటుంది. పదోసారికి విసుగొస్తుంది, ఇరవయ్యోసారికి కాలు ఆడటం మొదలవుతుంది, ముప్ఫయ్యోసారికి అది ఆగిపోతే ఏదో పోయినట్టుంటుంది.

ఒకసారి ఇంట్లో స్పీకర్ మీద పెట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, “పక్కింట్లో ఏదైనా హోమం చేయిస్తున్నారా?” అంది. ఇంతకంటే మంచి సమీక్ష నేనెక్కడా చదవలేదు.

ఆ కథ ఏమిటి? గ్రహం, యాత్ర, అదంతా?

మనుషులు భూమిని చెడగొట్టేశారు. అది చూడలేక కొందరు అంతరిక్ష నౌక కట్టుకుని కోబాయా అనే గ్రహానికి వెళ్లి, అక్కడ కొత్తగా బతకడం మొదలుపెట్టారు. తర్వాత భూమివాళ్లతో మళ్లీ సంబంధం ఏర్పడుతుంది. కోబాయా మనుషులు భూమికి వచ్చి తమ జ్ఞానం చెప్పబోతే ఇక్కడి ప్రభుత్వం పట్టి జైల్లో పెడుతుంది. 1970లో వచ్చిన మొదటి డబుల్ ఆల్బమ్ కథ స్థూలంగా ఇదీ. తర్వాత ప్రవక్తలు వస్తారు, ప్రాచీన ఈజిప్టు గురువు సమాధి వస్తుంది, దాన్ని తవ్వే పురావస్తు పరిశోధకుడు వస్తాడు.

నిజం చెప్పాలంటే కథ కోసం మాగ్మా వింటే నిరాశే. కథ పలచగా ఉంటుంది, పాటలు వచ్చిన వరుసలో నడవదు కూడా. మూడేసి భాగాల గొలుసులు రెండు ఉన్నాయని తెలిస్తే చాలు. మొదటిది ‘థోయ్స్ హమ్‌టాక్’, ‘వుర్దా ఇటా’, ‘మెకానిక్ డెస్ట్రుక్టివ్ కొమాండో’. రెండోది ‘కా’, ‘కోన్‌టార్కోస్’, ‘ఎమెంటెట్-రే’. మొదటి గొలుసులో మూడో భాగం 1973లో, రెండో భాగం 1974లో వచ్చాయి. రెండో గొలుసులో మధ్యది 1974లో, మొదటిది 2004లో, చివరిది 2009లో వచ్చాయి. వరుసగా వినాలని పట్టుబడితే తలనొప్పి తప్ప ఇంకేం మిగలదు.

ఇది రాకా, జాజా, ఒపేరానా?

వాండేర్ దీనికి కోబాయన్‌లోనే ‘జోయిల్’ అని పేరు పెట్టాడు. తర్వాత అది ఈ బాణీ మొత్తానికీ పేరైపోయింది. పేరు పక్కన పెట్టి, చెవికి ఏం తగులుతుందో చెబుతాను.

ముందు బేస్ గిటార్. మామూలు రాక్‌లో అది వెనకాల ఉంటుంది. ఇక్కడ అది ముందుకొచ్చి ఉరుముతుంది. దాని మీద పియానో ఒకే చిన్న వరసను వదలకుండా కొడుతుంది. దాని మీద గొంతుల బృందం. వీటన్నిటి కింద వాండేర్ డ్రమ్స్ మాత్రం జాజ్ మనిషివే, ఒక్క క్షణం కుదురుగా ఉండవు. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్, రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీల బృందగానాలు విన్నవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ సోలోల కోసం ఎదురుచూసేవాళ్లు ఎదురుచూస్తూనే ఉండాలి.

లయ లెక్క కూడా నాలుగుకు కట్టుబడి ఉండదు. నాలుగు దెబ్బలకు అలవాటైన చెవి మొదట్లో తడబడుతుంది. మిశ్రచాపుకు చెయ్యి వేసే అలవాటున్నవాళ్లకు ఏడు దెబ్బల వరస వచ్చినా అంత టెన్షన్ ఉండదు.

అందరూ చెప్పే ఆ ‘మెకానిక్’ ఆల్బమ్ సంగతేమిటి?

‘మెకానిక్ డెస్ట్రుక్టివ్ కొమాండో’, 1973. అభిమానులు అంత పేరు పలకలేక మూడు పొడి అక్షరాలతో పిలుచుకుంటారు. నలభై నిమిషాలకు కాస్త తక్కువ. ఏడు ముక్కలుగా విడగొట్టారు గానీ నిజానికి ఒకటే పాట.

దీనికి ముందు వచ్చిన రెండు ఆల్బమ్‌లలో (1970, 1971) బాకాలు ఎక్కువ, జాజ్ వాసన ఎక్కువ, వేరేవాళ్లు రాసిన పాటలూ ఉన్నాయి. బాగుంటాయి, కానీ అప్పటి యూరప్‌లో అలాంటి జాజ్ రాక్ బృందాలు ఇంకా ఉన్నాయి. 1972 తర్వాత పాతవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. వాళ్లలో పియానిస్ట్ ఫ్రాన్సువా కాఎన్ ‘జావో’ అనే బ్యాండ్ పెట్టుకున్నాడు. మాగ్మా పూర్తిగా వాండేర్ చేతికొచ్చింది. ఆ తర్వాత వచ్చింది ఈ రికార్డు.

మొదలుపెట్టడమే కవాతు అడుగుల్లాంటి దెబ్బలతో. వాటి మీద క్లౌస్ బ్లాస్కిజ్ గొంతు, పాడుతున్నట్టు కాదు, ప్రకటన చదువుతున్నట్టు. ఆ తర్వాత ఆడవాళ్ల బృందం అందుకుంటుంది. అక్కడి నుంచి ఒక్కో వరస ఒక్కో మెట్టు పైకి తీసుకెళ్తుంది. ముందరి వరసే మళ్లీ వచ్చిందనుకుంటాం, కానీ ఈసారి ఒక గొంతు ఎక్కువుంటుంది, డ్రమ్స్ ఇంకాస్త ఎగసి ఉంటాయి. చివర్లో వాండేర్ తన గొంతును ఆడగొంతు ఎత్తుకు తీసుకెళ్లి అరుస్తాడు. మొదటిసారి విన్నప్పుడు అది మనిషా, వాయిద్యమా అని నాకు అనుమానం వచ్చింది.

దీనికి ముందు చేసిన ఒక రూపాన్ని కంపెనీ ఒప్పుకోలేదు. మళ్లీ రికార్డు చెయ్యాల్సొచ్చింది. ఆ తిరస్కరించినదాన్ని 1989లో విడిగా బయటపెట్టారు. రెండూ పక్కపక్కన వింటే కంపెనీవాళ్లు తెలియకుండానే మేలు చేశారనిపిస్తుంది.

ఇలాంటి సంగీతానికి డబ్బు పెట్టిందెవరు?

జార్జియో గొమెల్‌స్కీ అనే ఆయన పేరు చెప్పుకోవాలి. లండన్‌లో రోలింగ్ స్టోన్స్ తొలినాళ్లలో వెంట ఉన్నది, యార్డ్‌బర్డ్స్‌ను నడిపింది ఈయనే. ఫ్రాన్స్ వచ్చి మాగ్మాను భుజానికెత్తుకున్నాడు. అప్పట్లో ఫ్రాన్స్‌లో రాక్ బ్యాండ్‌లకు పెద్ద హాళ్లు దొరికేవి కావు. అయితే ఊరూరా ప్రభుత్వ సాయంతో నడిచే యువజన సాంస్కృతిక కేంద్రాలు ఉండేవి. మామూలుగా అక్కడ నాటకాలు, హాబీ క్లాసులు. గొమెల్‌స్కీ వాటినే ఒక టూర్ దారిగా కలిపాడు. వ్యాన్‌లో సామాన్లేసుకుని చిన్న చిన్న ఊళ్లు తిరిగి తిరిగి మాగ్మా తన ప్రేక్షకుల్ని తయారుచేసుకుంది. రేడియో వల్ల వచ్చిన పేరు కాదు ఇది.

1973లో అమెరికా వెళ్లి న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్‌లో కూడా వాయించారు.

బేస్ వాయించే జానిక్ టాప్ గురించి అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

వినండి, మీరే చెబుతారు. టాప్ చెల్లో నేర్చుకున్న మనిషి. బేస్ గిటార్ తీగలను మామూలుగా కాకుండా చెల్లో లాగా శ్రుతి చేసుకునేవాడు. అంటే ఒక్కో తీగకూ మధ్య ఎడం ఎక్కువ, అడుగు తీగ మామూలు బేస్ కంటే కిందికి దిగుతుంది. మంచి స్పీకర్లలో ఆ అడుగు స్వరం వినబడదు, ఛాతీకి తగులుతుంది.

1976 నాటి ‘ఉదూ వుదూ’లో ఆయన రాసిన ‘దె ఫుతురా’ ఉంది. పద్దెనిమిది నిమిషాలు. ముఖ్యంగా బేస్, డ్రమ్స్, గొంతులు, అంతే. బరువైన బండి కదిలినట్టు నెమ్మదిగా మొదలై, పోనుపోనూ వేగం అందుకుని, చివరికి బ్రేకులు పోయిన లారీలా దిగుతుంది. భయపెట్టే సంగీతం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే వినిపిస్తాను. ఇంతటి మనిషి తర్వాత ఫ్రెంచ్ పాప్ స్టూడియోల్లో హాయిగా వాయించుకుంటూ బతికాడు. అదీ జీవితం.

ఆడగొంతుల్లో ఎక్కువగా వినబడేది ఎవరు?

స్టెల్లా వాండేర్. ఈమె కథ భలే ఉంటుంది. 1960ల్లో ఫ్రాన్స్‌లో ‘యేయే’ అనే టీనేజ్ పాప్ హోరెత్తేది. స్టెల్లా అప్పుడు స్కూలు వయసు పిల్ల. ఆ పాటలనే వెక్కిరిస్తూ పాటలు పాడి రికార్డులు వేసింది. తర్వాత క్రిస్టియాన్‌ను పెళ్లి చేసుకుని మాగ్మాలోకి వచ్చింది. వాళ్ల సొంత రికార్డుల సంస్థ ‘సెవెన్త్ రికార్డ్స్’ పనులు దగ్గరుండి చూసుకున్నదీ ఈమే. వాండేర్ కలలు కంటే, అవి డిస్కులై మన దాకా రావడానికి కావలసిన పనిలో చాలా భాగం స్టెల్లాది. మాగ్మా గురించి రాసేవాళ్లు ఈ మాట త్వరగా దాటేస్తుంటారు.

నల్ల బట్టలు, గోళ్ల లాంటి ఆ చిహ్నం... వీళ్లేమైనా ఫాసిస్టులా?

ఈ అనుమానం డెబ్బైల నుంచీ ఉంది. అందరూ నల్ల బట్టలు, మెడలో ఒకే లోహపు బిళ్ల, జర్మన్‌లా వినిపించే భాష, కవాతు లయ. వేదిక మీద ఆ దృశ్యం చూసి కొందరు ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు. ఆ ముద్రను వాండేర్ ఒప్పుకోలేదు. తన దేవుడని చెప్పుకున్నది ఒక నల్లజాతి అమెరికన్ శాక్సఫోన్ వాద్యకారుణ్ణి. అది తెలిశాక కూడా ఆ వేషం నచ్చకపోవచ్చు. నాకూ పెద్దగా నచ్చదు, కళ్లు మూసుకుని వింటాను.

‘డ్యూన్’ సినిమాకు మాగ్మా సంగీతం ఇచ్చిందా?

ఇవ్వబోయింది. డెబ్బైల మధ్యలో దర్శకుడు అలెహాంద్రో హొడొరోవ్‌స్కీ ఆ సినిమా తియ్యాలని పెద్ద ప్రయత్నం చేశాడు. ఒక్కో గ్రహానికి ఒక్కో బ్యాండ్ అనుకున్నాడు. మంచివాళ్ల వైపు పింక్ ఫ్లాయిడ్, దుర్మార్గులైన హార్కోనెన్‌ల వైపు మాగ్మా. సినిమా మొదలవకుండానే ఆగిపోయింది. ఆ ప్రాజెక్టులోనే పనిచేసిన స్విస్ చిత్రకారుడు గీగర్ తర్వాత మాగ్మా 1978 ఆల్బమ్ ‘అటాక్’కు అట్టబొమ్మ ఇచ్చాడు.

స్నూకర్ ఆటగాడికీ ఈ బ్యాండ్‌కీ ఏం సంబంధం?

స్టీవ్ డేవిస్, ఆరుసార్లు ప్రపంచ చాంపియన్. మాగ్మా అంటే పిచ్చి. ఎంత పిచ్చి అంటే 1988లో తన డబ్బు పెట్టి వాళ్లను లండన్‌కు రప్పించి కచేరీలు చేయించాడు. అభిమాని అంటే అలా ఉండాలి.

ఎనభైల్లో మాయమైపోయారా?

1980లో పదేళ్ల పండగ ప్యారిస్‌లోని ఒలింపియా హాల్లో చేసుకున్నారు. పాతవాళ్లు చాలామంది వచ్చారు. ఆ తర్వాత ఊపు తగ్గింది. 1983లో వాండేర్ ‘ఆఫరింగ్’ అని ఇంకో బృందం మొదలుపెట్టాడు. అందులో కరెంటు హోరు తక్కువ, కోల్ట్రేన్ వాసన ఎక్కువ. మాగ్మా పేరుతో ఎనభైల మధ్యలో ‘మెర్సి’ అనే ఆల్బమ్ ఒకటి వచ్చింది, దాని గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. 1996లో కొత్త కుర్రాళ్లతో మాగ్మా మళ్లీ వేదికెక్కింది.

మామూలుగా పాత బ్యాండ్‌లు మళ్లీ కలిస్తే పాత పాటలు పాడి, టికెట్లు అమ్ముకుని పోతాయి. ఇక్కడ తిరగబడింది. డెబ్బైల్లో సగంలో వదిలేసిన కూర్పులు, కచేరీల్లో మాత్రమే వినిపించినవి, ఒక్కొక్కటిగా పూర్తిచెయ్యడం మొదలుపెట్టారు. 2000లో ముప్ఫై ఏళ్ల సందర్భంగా మొదటి గొలుసు మూడు భాగాలనూ ప్యారిస్‌లోని త్రియానోన్‌లో వరుసగా వాయించారు. ‘కా’ అలా బయటికొచ్చిందే. రాసింది పాతికేళ్ల కుర్రాడు, రికార్డు చేసింది యాభై దాటినవాడు. నా లెక్కలో ‘మెకానిక్’ పక్కన నిలబడగలిగింది ‘కా’ ఒక్కటే.

‘జెస్’ అనే కూర్పయితే ఇంకా ఆలస్యం. డెబ్బైల చివర్లో కట్టింది 2019లో, అదీ ప్రాగ్ ఆర్కెస్ట్రాతో వచ్చింది. అందులో వాండేర్ డ్రమ్స్ ముట్టుకోలేదు, పాడాడు. డ్రమ్స్ స్వీడన్‌కు చెందిన మోర్గన్ ఓగ్రెన్‌వి.

నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి ఆల్బమ్ నుంచి వరుసగా వద్దు. 1975లో ప్యారిస్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ ఉంది, జనం ‘హాయ్’ అని పిలుస్తారు. అందులో ఆ పేరుతోనే ఒక పాట ఉంది. మన ‘హాయి’కీ దానికీ సంబంధం లేదు గానీ, వింటే ఉందనిపిస్తుంది. వాండేర్ గొంతు అందులో మెత్తగా ఉంటుంది. అదే ఆల్బమ్ చివర్లో వయొలిన్ వినండి. వాయించింది దిదియే లోక్‌వుడ్, అప్పటికి టీనేజ్ దాటుతున్న కుర్రాడు. తర్వాత ఫ్రాన్స్‌లో జాజ్ వయొలిన్ అంటే ఆయన పేరే చెప్పేవాళ్లు.

అది పట్టుకుంటే ‘మెకానిక్’. అది కూడా పట్టుకుంటే ‘కా’, ఆ తర్వాత రాత్రి పూట ‘దె ఫుతురా’. పట్టుకోకపోతే బాధపడకండి. నాకు మొదటిసారి పట్టుకోలేదు. రెండేళ్లు పక్కన పెట్టి, ఒక రాత్రి బస్సు ప్రయాణంలో నిద్రపట్టక మళ్లీ పెట్టాను. దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

వీళ్ల ప్రభావం ఇంకెవరి మీదైనా ఉందా?

ఉంది. ఫ్రాన్స్‌లో మాగ్మా నుంచి బయటికొచ్చినవాళ్లే చాలా బ్యాండ్‌లు పెట్టారు. వాటిలో బెర్నార్ పగనోతి ‘వైదోర్జె’ తప్పక వినాలి. కానీ అసలు వింత జపాన్‌ది. తత్సుయా యోషిదా అనే డ్రమ్మర్ ‘రూయిన్స్’, ‘కోయెంజి హ్యక్కెయ్’ అనే బ్యాండ్‌లు నడిపాడు, తనూ ఒక కల్పిత భాషలో పాడించాడు, వేగం మాత్రం మాగ్మాకు రెట్టింపు. ప్యారిస్‌లో ఒక డ్రమ్మర్ మొదలుపెట్టిన మంట టోక్యోలో ఇంకో డ్రమ్మర్‌కే అంటుకుంది.

మన దేశంతో ఏమైనా లింకు ఉందా?

నేరుగా లేదు. ఒక్క అడుగు వెనక్కి వెళ్తే ఉంది. కోల్ట్రేన్ మన సంగీతాన్ని శ్రద్ధగా విన్నాడు. 1961లో ‘ఇండియా’ అనే పేరుతోనే ఒకటి వాయించాడు. రవిశంకర్ మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఒకే వరస మీద చాలాసేపు నిలిచి, అక్కడక్కడే లోతుకు వెళ్లే అలవాటుకు ఆ వినికిడి కూడా తోడైంది. వాండేర్ నేర్చుకున్నది ఆ కోల్ట్రేన్ దగ్గరే.

ఇప్పటికీ వాయిస్తున్నారా?

2022లో ‘కార్టెల్’ అనే ఆల్బమ్ వచ్చింది. అప్పటికి వాండేర్‌కు డెబ్బై నాలుగు. పాత చీకటి తగ్గి, పాటల్లో వెలుగు కనిపిస్తుంది. 2012 నాటి ‘ఫెలిసితే థోజ్’లోనే ఆ మార్పు మొదలైంది. కచేరీ వీడియోలు దొరికితే ఆయన మొహం దగ్గరగా చూపించే చోట ఆపి చూడండి. కళ్లు పైకి తిరిగిపోయి, పెదాలు పాటతో కదులుతూ, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతుంటాయి. ఆ పక్కనే ఎక్కడో స్టెల్లా, నిటారుగా నిలబడి, గొంతు ఎక్కడా తప్పకుండా పాడుతూ ఉంటుంది.